టి.వి.లో వుంది, కొట్లో లేదు



ఈవేళ నేను మాట్లాడబోయే సంగతి చాలా చిన్నది. దేశాన్ని ఉద్ధరించేదేమీ కాదు. కాని నెలకు ఒకసారైనా మన ఓపికకు పరీక్ష పెడుతుంది. రాత్రి భోజనాలయ్యాక టి.వి. ముందు కూర్చుంటాం. ఏదో కొత్త సరుకు గురించి ప్రకటన వస్తుంది. గిన్నెల జిడ్డు వదిలించే కొత్త సబ్బో, పిల్లల డబ్బాల్లో పెట్టడానికి కొత్తరకం జొన్న అటుకులో, ఏదో ఒకటి. "ఇదేదో బాగున్నట్టుందే" అనుకుని మర్నాడు సంచీ పుచ్చుకుని కొట్టుకు వెళతాం. "ఇంకా రాలేదమ్మా" అంటాడు కొట్టాయన. వారం ఆగి వెళితే "ఏజెన్సీవాళ్ళు ఇవ్వటం లేదమ్మా" అంటాడు. నెల ఆగి వెళితే "దాన్ని ఎవరూ అడగటం లేదమ్మా" అంటాడు. మూడుసార్లు అడిగిన మనిషి ఎదురుగుండా నిలబడి వుంటే ఎవరూ అడగటం లేదనటం ఏం మర్యాదో మీరే చెప్పండి!

సబ్బు దొరక్కపోతే కొంపలేం మునగవు. పాత సబ్బుతోనే తోముకుంటాం. కాని అన్నివేళలా ఇంత తేలిగ్గా పోదు. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క కొత్త సరుకు నిజంగానే అవసరమై కూర్చుంటుంది. ఆ మాట కాస్సేపట్లో చెబుతాను. ముందు, కంపెనీవారు ఊరంతా చాటింపు వేసిన సరుకు మన వీధి కొట్టు దాకా ఎందుకు రాదో చూద్దాం.

నా చదువు పదో తరగతితో ఆగింది. వ్యాపారం గురించి నేను చెప్పేదంతా మా వీధి శెట్టిగారిని, ఆయన కొట్టుకు వచ్చే సేల్స్‌మన్ కుర్రవాళ్ళను అడిగి తెలుసుకున్నదే. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు కొట్లో బేరాలుండవు. ఆ వేళ అడిగితే వాళ్ళూ సంతోషంగానే చెబుతారు. అడిగేవాళ్ళు లేక గాని, చెప్పడానికి వాళ్ళ దగ్గర బోలెడు కష్టాలున్నాయి.

సరుకు కంపెనీ నుంచి తిన్నగా కొట్టుకు రాదు. ముందు కంపెనీ గోడౌనుకు వస్తుంది. అక్కడినుంచి ఊరికొక ఏజెన్సీకి వెళుతుంది. ఏజెన్సీ ఆయన ముందే డబ్బు కట్టి సరుకు దించుకోవాలి. ఆయన దగ్గర సేల్స్‌మన్లు వుంటారు. ఒక్కొక్కడికి వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క పేట. దాన్ని వాళ్ళు 'లైను' అంటారు. మా పేట లైను మంగళవారం. మంగళవారం కుర్రవాడు వచ్చినప్పుడు శెట్టిగారు బేరంలో మునిగి వుంటే "ఏం వద్దులే, వచ్చేవారం చూద్దాం" అంటారు. అంతే, ఆ కొత్త సరుకు ఇంకో వారం వెనక్కి పోయినట్టే. కంపెనీ చిన్నదైతే దానికి లైనూ వుండదు, కుర్రవాడూ వుండడు. శెట్టిగారే మోటారు సైకిలు మీద గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్టుకు వెళ్ళి తెచ్చుకోవాలి. హైదరాబాదులో వున్నవారికి బేగంబజారు ఎలాగో మా విజయవాడ వారికి గొల్లపూడి అలాగ. ఒక్క సీసా కోసం అంతదూరం ఎవరు వెళతారు?

ఇంకొక చిక్కు వుంది. టి.వి. ప్రకటన అన్ని ఊళ్ళలోనూ ఒకేసారి కనిపిస్తుంది. సరుకు మాత్రం ఊరి తరువాత ఊరుగా దిగుతుంది. కొన్ని కంపెనీలు నాలుగైదు ఊళ్ళలో అమ్మి చూసి, పోతుందనుకుంటేనే తక్కిన ఊళ్ళకు పంపుతాయి. ప్రకటనలో ఆ మాట ఎక్కడో కింద చీమతలకాయంత అక్షరాల్లో వుంటుంది, లేదా వుండనే వుండదు. కొత్త సరుకు దాకా ఎందుకు, మాగీ నూడుల్స్ సంగతే చూడండి. 1983 నుంచీ మన దేశంలో అమ్ముతున్నారు. సందు చివర బడ్డీకొట్లో కూడా వుండేది. సీసం ఎక్కువ వుందన్న గొడవలో 2015 జూన్‌లో అమ్మకం ఆపేశారు. కోర్టు తీర్పు, మళ్ళీ పరీక్షలు అన్నీ అయ్యాక ఆ ఏడు నవంబరు 9న తిరిగి వచ్చింది. అప్పుడైనా ఒక్కసారిగా అంతటా దిగిందా? మొదట సుమారు 100 పట్టణాల్లోనే. పాతికేళ్ళు పైబడి పేరు మోసిన సరుకుకే దారి మళ్ళీ వేసుకోవలసి వస్తే, నిన్న పుట్టినదాని మాట చెప్పాలా?

ఇక శెట్టిగారి లెక్క. ఆయన కొట్టు పది అడుగుల వెడల్పు. పప్పుల డబ్బాలు, నూనె ప్యాకెట్లు, సాచెట్ల దండలు అన్నీ పోగా కొత్త సరుకుకు జానెడు చోటు కూడా మిగలదు. కొత్తది పెట్టాలంటే పాతది ఒకటి తీయాలి. కొత్త సరుకు కేసు లెక్కనే ఇస్తారు, విడిగా ఇవ్వరు. కేసులో ఇరవైనాలుగు సీసాలుంటే రెండు పోయి ఇరవైరెండు దుమ్ము కొట్టుకుపోతే ఆ డబ్బు ఎవరిది? గడువు దాటిన సరుకు వెనక్కి తీసుకుంటామని కుర్రవాడు నోటితో చెబుతాడు. ఆరు నెలలయ్యాక ఆ కుర్రవాడు వుండడు. ఇంకొక కుర్రవాడు వచ్చి "నాకు తెలియదండీ, నేను ఈమధ్యే చేరాను" అంటాడు. శెట్టిగారి మాటల్లోనే చెప్పాలంటే, "వందకు పది మిగిలే వ్యాపారమమ్మా, ఒక సీసా పారేస్తే పది సీసాల లాభం పోయినట్టే." ఆయన లెక్క నాకు సబబుగానే తోచింది.

పాత సరుకు కదలకుండా కొత్త సరుకు రాదన్నది మనం కళ్ళారా చూసినదే. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద జి.ఎస్.టి. 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు గదా! పేపర్లో ఆ రోజే పడింది. కాని పాత ధర అచ్చువేసిన ప్యాకెట్లు చాలా రోజులు కొట్లలో కనిపిస్తూనే వున్నాయి. మనం ధర తగ్గించమని, ఆయన పాత సరుకమ్మా అని, ప్రతి కొట్టు ముందూ అదే వాదన.

మరి పెద్ద పెద్ద సూపర్ మార్కెట్లున్నాయి గదా అంటారేమో. అక్కడ చోటు వుంది, నిజమే. కాని ఆ చోటుకు అద్దె వుంటుంది. మన కంటికి ఎదురుగా వుండే అర, బిల్లు కట్టే చోట పిల్లల చేతికి అందేలా వుండే అర, వీటికోసం కంపెనీలు డబ్బు కడతాయి. కట్టలేనివాడి సరుకు నేలబారు అరలోకి పోతుంది. నడుం వంగని మనబోటివాళ్ళం అక్కడ చూడనే చూడం. పైగా సరుకు వివరాలు కంప్యూటర్లో ఎక్కించకపోతే, సరుకు చేతిలో వున్నా బిల్లు కాదు. "సిస్టమ్‌లో రావట్లేదు మేడమ్" అని కౌంటర్లో అమ్మాయి పక్కన పెట్టేస్తుంది. ఎదురుగా వున్న వస్తువును లేదనిపించే యంత్రం అది!

దుకాణంలో సరుకు దొరక్కపోవటాన్నే వ్యాపారంగా మార్చుకున్నవాళ్ళూ వున్నారు. నిర్మా సబ్బుపొడి మీకందరికీ తెలుసు. గుజరాత్‌లో కర్సన్‌భాయ్ పటేల్‌గారు ప్రభుత్వ ప్రయోగశాలలో ఉద్యోగం చేసుకుంటూ 1969లో ఇంటి పెరట్లో కలిపి, సైకిలు మీద ఇంటింటికీ తిరిగి అమ్మిన సరుకు. తరువాత టి.వి. ప్రకటన తయారయ్యేనాటికి కొట్లవాళ్ళు అప్పుకు తీసుకుని డబ్బు సరిగా కట్టటం లేదట. ఆయన ఏం చేశాడంటే, కొట్లలో వున్న సరుకు చాలావరకు వెనక్కి తెప్పించి, టి.వి.లో ప్రకటన మాత్రం రోజూ వేయించాడని వ్యాపారులు ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. తెల్లగౌను పాప గిర్రున తిరుగుతూ వుంటుంది, ఆడవాళ్ళు కొట్టు చుట్టూ తిరుగుతూ వుంటారు, సరుకు లేదు. నెల గడిచేసరికి కొట్లవాళ్ళే డబ్బు పట్టుకుని ఆయన చుట్టూ తిరిగారట. తెలివైన పనే. ఆ నెలరోజులూ ఎండలో తిరిగిన ఆడవాళ్ళ సంగతి మాత్రం ఆ కథలో ఎవరూ చెప్పరు.

మన పక్క రాష్ట్రంలో ఇంకొక కథ జరిగింది. కడలూరు నుంచి సి.కె. రంగనాథన్‌గారు 1983లో చిక్ షాంపూ మొదలుపెట్టారు. పెద్ద కంపెనీల మధ్య ఈ కొత్త సాచెట్‌ను కొట్టాయన ఎందుకు వేలాడదీస్తాడు? అందుకని వాడేసిన ఖాళీ సాచెట్లు కొట్లో తెచ్చిస్తే ఒక చిక్ సాచెట్ ఊరికే ఇస్తామన్నారు. ముందు ఏ కంపెనీ ఖాళీలైనా పుచ్చుకున్నారు, పోనుపోను చిక్ ఖాళీలే తెమ్మన్నారు. ఆడవాళ్ళు ఖాళీలు గుప్పిట్లో పట్టుకుని కొట్టుకు వచ్చి అడుగుతుంటే, ఏ కొట్టాయన లేదనగలడు?

ఈ రెండు కథల్లోనూ కొట్టు తలుపు తెరిపించింది ఎవరో గమనించారా? సంచీ పట్టుకుని వెళ్ళి పేరుపెట్టి అడిగిన ఆడవాళ్ళు. వాళ్ళ అడగటాన్ని కంపెనీవాళ్ళు తమ పనికి వాడుకున్నారు. అదే అడగటాన్ని మన పనికి మనం వాడుకోవచ్చునా అన్నదే నా ప్రశ్న. వాడుకోవచ్చునని ఇంగువ విషయంలో మాకు తెలిసివచ్చింది.

మా ఆడపడుచు కొడుక్కి తొమ్మిదేళ్ళు. రెండేళ్ళుగా తిన్నది ఒంటబట్టక, కడుపునొప్పి అంటూ, వయసుకు తగ్గ ఎదుగుదల లేక వుండేవాడు. పరీక్షలన్నీ చేసి సీలియాక్ అనే జబ్బని తేల్చారు. గోధుమలో గ్లూటెన్ అనే జిగురు పదార్థం వుంటుంది. బార్లీలోనూ వుంటుంది. అది ఈ జబ్బున్నవాళ్ళ పేగును పాడు చేస్తుంది. మందు లేదు, జీవితాంతం అది తినకుండా వుండటమే వైద్యం. కొంచెం తింటే ఏమవుతుందిలే అనటానికి వీల్లేదు, ఆ కొంచెమే చాలు పేగు పాడవటానికి. మనం అన్నం తినేవాళ్ళం గదా, చపాతీ మానేస్తే సరిపోతుందని అందరం తేలిగ్గా అనుకున్నాం. డాక్టరుగారు మాత్రం ఇంట్లో వున్న ప్రతి డబ్బా మీదా రాసినది చదవమన్నారు.

చదివితే ఏం తేలింది? ఇంగువ! అసలు ఇంగువ మహా ఘాటైన జిగురు. దాన్ని అలాగే వాడలేం గనుక పిండి, తుమ్మబంక కలిపి పొడిగానో ముద్దగానో చేసి అమ్ముతారు. ఆ కలిపే పిండి చాలా కంపెనీల్లో గోధుమపిండే. చారులో, పప్పులో, పులిహోరలో, ఆవకాయలో, ఆఖరికి మజ్జిగపులుసులో కూడా చిటికెడు పడేది అదే. పిల్లవాడు రోజూ తినేది అదే. చపాతీ మానేసినా నొప్పి తగ్గనందుకు కారణం పోపుల డబ్బాలో కూర్చుని వుంది.

గోధుమపిండికి బదులు బియ్యప్పిండి కలిపిన ఇంగువ కొత్తగా వచ్చిందని మా ఆడపడుచుకు తెలిసింది. ఇక వెతుకులాట. మా శెట్టిగారికి ఆ పేరే తెలియదు. "ఏ ఇంగువైనా ఇంగువేనమ్మా, ఇది తీసుకెళ్ళండి, ఇది కూడా మంచిదే" అని మామూలు డబ్బా చేతిలో పెట్టారు. సబ్బు విషయంలో 'ఇది కూడా అలాంటిదే' అంటే నష్టం పది రూపాయలు. ఇక్కడ అలా కాదు. లేనిదానికి బదులు ఇంకొకటి అంటగట్టే అలవాటులో వున్న ప్రమాదం నాకు ఆరోజు అర్థమైంది. రెండు సూపర్ మార్కెట్లు తిరిగాం, లేదు. ఫోనులో తెప్పించుకునే సదుపాయం హైదరాబాదులో వున్న మా చెల్లెలి ఇంటికి పది నిమిషాల్లో తెచ్చి ఇస్తుంది. మా ఆడపడుచు వుండే ఊరికి ఆ సరుకు పంపటం లేదని వస్తోంది.

అప్పుడు మా చెల్లెలు పంపిన డబ్బా మీద చూస్తే కంపెనీ ఫోను నంబరు వుంది. ప్యాకెట్ సరుకు మీద ఫిర్యాదులకు పేరు, చిరునామా, ఫోను నంబరు అచ్చువేయాలని 2011 తూనికలు కొలతల నిబంధనల్లో వుంది. మనం ధర చూస్తాం, తారీకు చూస్తాం, ఆ నంబరు మాత్రం చూడం. ఫోను చేస్తే మూడోసారికి ఒకమ్మాయి మాట్లాడింది. "విజయవాడలో మీ ఏజెన్సీ ఎవరు?" అని అడిగాను. పేరు చెప్పింది, గొల్లపూడిలోనే వున్నారు. శెట్టిగారికి ఆ పేరు కాగితం మీద రాసిచ్చాను. ఆయన విచారించి, "ఇస్తారట గాని కేసు తీసుకోవాలటమ్మా. మీకు కావలసింది ఒక్కటి, మిగతావి నేనేం చేసుకోను?" అన్నారు.

ఆ మాటలో న్యాయం వుంది. అందుకని మేము మనుషుల్ని వెతికాం. ఆ డాక్టరుగారి దగ్గరకే వచ్చే తల్లులు నలుగురు ఫోను నంబర్లు ఇచ్చుకుని వున్నారు. వాళ్ళలో ఒకావిడ గుంటూరు. మా వీధిలో గోధుమ పడదని చాలాకాలంగా అంటూ వుండే పెద్దావిడ ఒకరు. నేనొకటి, మా ఆడపడుచు రెండు. అన్నీ కలిపితే పదకొండు సీసాలయ్యాయి. డబ్బు ముందే ఇచ్చాం. శెట్టిగారు కేసు తెచ్చారు. మిగతా పదమూడు సీసాలూ ఏమయ్యాయంటారా? ఆయన గల్లాపెట్టె పక్కన పెట్టి, వచ్చినవారికల్లా "గోధుమ కలవని ఇంగువమ్మా" అని నా కంటే బాగా చెప్పి అమ్ముకున్నారు. మూడో నెలలో ఇంకొక కేసు నేను అడక్కుండానే వచ్చింది. పిల్లవాడు చారు పోసుకుని తింటున్నాడు. బరువు మెల్లిగా పెరుగుతున్నాడు, ఇంకా సన్నగానే వున్నాడనుకోండి.

కనుక అడిగే పద్ధతి ఒకటి వుంది. "ఆ టి.వి.లో కోతి గెంతుతుందే, ఆ బిస్కెట్టు వుందా?" అంటే కొట్టాయన నవ్వి వూరుకుంటాడు. ప్రకటనలో పాట మనకు గుర్తుంటుంది గాని పేరు గుర్తుండదు. ఫోనులో ఫొటో తీసుకోండి, లేదా పేరు, కంపెనీ, ఎంత పరిమాణం అన్నది చీటీ మీద రాసి ఇవ్వండి. మీ పేట లైను ఏ రోజో అడిగి, దానికి ముందురోజు ఇవ్వండి. ఆ చీటీ సేల్స్‌మన్ చేతికి వెళుతుంది. పక్కింటావిడకూ కావాలంటే ఆవిడనూ విడిగా వెళ్ళి అడగమనండి. ఒకే మనిషి నాలుగుసార్లు అడిగితే ఆయనకు విసుగు, నలుగురు ఒక్కొక్కసారి అడిగితే అది ఆయనకు బేరం. ఇంకొక మాట. మీకోసం తెప్పించాక "ఇప్పుడు అక్కర్లేదు లెండి, అప్పుడే ఇంకోచోట కొనేశాం" అనకండి. మా శెట్టిగారు ఇలాంటి సరుకు ఒక అట్టపెట్టెలో వేసి పెట్టారు, నాకు చూపించారు. పెట్టె నిండా వుంది. అందరూ మనలాంటి గౌరవనీయులైన గృహిణులు అడిగి తెప్పించుకున్నవే!

కొత్త సరుకు దొరికిన సంతోషంలో తారీకు చూడటం మరవకండి. నిదానంగా పోయే కొట్లో కొత్త సరుకు కూడా అర మీదే పాతబడుతుంది. తినకూడని పదార్థం వున్నవారైతే కలిపిన వస్తువుల జాబితా ప్రతిసారీ చదవాలి. గోధుమ వుంటే వున్నదని ప్యాకెట్ మీద చెప్పాలని నిబంధన వుంది. 'గ్లూటెన్ లేనిది' అని వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. కొలత పెట్టింది. ఒకసారి చదివాం గదా అని వదిలేయవద్దు, కంపెనీలు కలిపే వస్తువులు మారుస్తూ వుంటారు.

డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళు చేసే రాగి జంతికలు, కరివేపాకు పొడి, చింతపండు తొక్కు వీటిదీ ఇదే అవస్థ, ఇంకా ఎక్కువ అవస్థ. వాళ్ళకు ఏజెన్సీ లేదు. అరువు ఇచ్చే శక్తి లేదు. గడువు దాటినవి వెనక్కి పుచ్చుకునే తాహతు అసలే లేదు. ఎగ్జిబిషన్లో ఒకసారి కొని "ఎంత బాగుందో" అనుకుంటాం, మళ్ళీ ఏడాది దాకా కనిపించదు. అక్కడే ఆవిడ ఫోను నంబరు తీసుకుని మీ కొట్టాయనకు ఇవ్వండి. పది ప్యాకెట్లు చాలు, కేసు అక్కర్లేదు. వాళ్ళు పదైనా ఇస్తారు.

చౌక ధర ఆశ చూపి ప్రకటన వేసి, తీరా వెళితే సరుకే లేకుండా చేసే కంపెనీల సంగతి వేరు. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తెచ్చిన మార్గదర్శకాల్లో అలాంటి ప్రకటనలకు షరతులు పెట్టారు. ప్రకటన చూసి ఎంతమంది వస్తారో ఊహించి అంత సరుకు సిద్ధంగా వుంచాలి. సరుకు కొద్దిగానే వుంటే ఆ మాట ప్రకటనలోనే చెప్పాలి. కొన్ని ఊళ్ళకే అయితే అదీ చెప్పాలి. అలా జరగలేదనిపిస్తే 1915కు ఫోను చేయవచ్చు. డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రకటన ఏ రోజు ఎక్కడ చూశారో, ఏ కొట్లో ఏ తారీకున లేదన్నారో ముందే కాగితం మీద రాసుకుని కూర్చోండి. వాళ్ళు మొదట అడిగేది అదే. మధ్యాహ్నం వంట ముగించుకుని, పొయ్యి ఆర్పి మరీ చేయండి, ఒక్కొక్కసారి లైను కలవడానికి చాలాసేపు పడుతుంది.